మంచు పడ్డ నగరంలో కారు నడపడం: టైర్ల నుంచి పార్కింగ్ దాకా

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు పొడి తారు రోడ్డు మీద బ్రేకు పూర్తిగా తొక్కితే సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. చక్రాల కింద అణిగి గట్టిపడ్డ మంచు ఉంటే అదే కారు దాదాపు 50 మీటర్లు పోతుంది. నున్నటి ఐసు మీదైతే వంద మీటర్లకు కాస్త అటూ ఇటూ. డ్రైవరు తేరుకుని బ్రేకు మీద కాలు పెట్టేలోపు గడిచే సెకను ఈ లెక్కలో లేదు. ఆ ఒక్క సెకనులో ఇంకో 14 మీటర్లు పోతాయి.

ఇప్పుడు 30 కిలోమీటర్ల వేగం చూడండి. పొడి రోడ్డు మీద నాలుగైదు మీటర్లు, మంచు మీద 18, ఐసు మీద 35. అంటే 50 నుంచి 30కి దిగితే చాలు, ఆగే దూరం మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. నగరంలో మంచు రోజుల డ్రైవింగంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది. బండి కదలకపోతే ఆలస్యమవుతుంది, అంతే. బండి ఆగకపోతే ఎదురుగా ఉండేది ఇంకో కారో, జీబ్రా క్రాసింగ్ మీద మనిషో.

టైర్లు

మొదటి ఖర్చు ఇక్కడే పెట్టాలి. మామూలు వేసవి టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వచ్చేసరికి బిరుసెక్కడం మొదలవుతుంది. మంచు లేకపోయినా చలికే పట్టు తగ్గుతుంది. చలికాలపు టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని మీద బ్లేడుతో కోసినట్టుండే సన్నటి గీతలు వందల కొద్దీ ఉంటాయి, వాటి అంచులే మంచును పట్టుకునేది.

కొనేటప్పుడు టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు ఉన్న గుర్తు వెతకండి. మంచు మీద పరీక్షించి పాసైన టైరుకే ఆ గుర్తు ఇస్తారు. ‘ఎం ప్లస్ ఎస్’ (బురద, మంచు అని అర్థం) అన్న అక్షరాలు మాత్రమే ఉంటే నమ్ముకోవద్దు, అది తయారీదారు తనంతట తాను వేసుకునే ముద్ర. గాడి లోతు కనీసం 4 మిల్లీమీటర్లు ఉండాలి. చాలా దేశాల చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది కానీ, అంత అరిగిన టైరుకు మంచులో పని ఉండదు. స్థానిక నిబంధన కూడా చూసుకోండి. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు తప్పనిసరి. జర్మనీలో తేదీలు లేవు, రోడ్డు మీద మంచో ఐసో ఉంటే ఆ టైర్లు ఉండాల్సిందే.

వేస్తే నాలుగూ వేయాలి. డబ్బు మిగులుతుందని ముందు రెండే మార్చితే, మలుపులో ముందు చక్రాలు పట్టుకుంటాయి, వెనక చక్రాలు జారిపోయి బండి గిర్రున తిరుగుతుంది. ‘నాది నాలుగు చక్రాలూ లాగే బండి, నాకు మామూలు టైర్లు చాలు’ అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. నాలుగు చక్రాలూ లాగితే బండి సులువుగా కదులుతుంది, నిజమే. బ్రేకులు మాత్రం ప్రతి కారుకూ నాలుగు చక్రాలకే ఉన్నాయి, ఆగడంలో ఈ బండికి అదనంగా వచ్చేదేమీ లేదు. పైగా సులువుగా కదులుతుంది కాబట్టి రోడ్డు ఎంత జారుడుగా ఉందో డ్రైవరుకు తెలియకుండా పోతుంది.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడితే టైరులో గాలి ఒకటిన్నర నుంచి రెండు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది. వెచ్చటి గ్యారేజీలో సరిగ్గా నింపిన టైరు, బయట మైనస్ 10లో నిలబడేసరికి నాలుగైదు పీఎస్‌ఐ తక్కువ చూపిస్తుంది. అందుకే బండి రాత్రంతా బయట నిలిచాక, నడపకముందు కొలిచి, డోరు ఫ్రేమ్ మీద రాసిన అంకెకు నింపండి. గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందన్న మాట ఇసుకలో చెల్లుతుంది, నగరం రోడ్డు మీద కాదు. చక్రాలు మార్పించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ టార్క్ రెంచితో (బిగింపు బలం కొలిచే పానాతో) బిగించాలి. పట్టు కోసం టైర్లకు చుట్టే గొలుసులు నగరంలో అరుదుగా అవసరమవుతాయి. వేస్తే లాగే చక్రాలకు వేసి, వంద మీటర్లు పోయాక ఆగి మళ్లీ బిగించి, 50 దాటకుండా నడపండి. తారు కనబడగానే తీసేయాలి.

బ్యాటరీ, ద్రవాలు

మైనస్ 18 డిగ్రీల్లో లెడ్ యాసిడ్ బ్యాటరీ శక్తి సగానికి పడిపోతుంది. అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి స్టార్టర్ ఎక్కువ కరెంటు అడుగుతుంది. బండి కొన్ని గంటలు నిలిచాక మీటరుతో కొలిస్తే 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 కన్నా తగ్గితే చార్జి పెట్టండి. నాలుగైదేళ్లు దాటిన బ్యాటరీని చలి మొదలవకముందే పరీక్ష చేయించడం మేలు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ లోపలి ద్రవం మైనస్ 10 దగ్గరలోనే గడ్డకట్టగలదు. పక్కలు ఉబ్బి ఉంటే దానికి జంపర్ (ఇంకో కారు బ్యాటరీతో కలిపే కేబుల్) పెట్టవద్దు, పగిలే ప్రమాదం ఉంది.

జంపర్ కేబుళ్ల వరుస ఇదీ: ఎర్రది ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొన మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని చివరి కొన మాత్రం దిగిపోయిన కారు ఇంజిన్ మీద రంగు లేని లోహానికి, బ్యాటరీకి దూరంగా. చివరి కొన తగిలించినప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు కాబట్టే ఈ దూరం. తీసేటప్పుడు ఇదే వరుస తలకిందులుగా, చివర తగిలించింది ముందు.

ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌లో యాంటీఫ్రీజ్ (గడ్డకట్టనివ్వని ద్రవం), నీళ్లు సగం సగం ఉంటే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. నీళ్లు కలపకుండా పోస్తే ఇంకా గట్టిగా ఆగుతుందనుకోవద్దు, ఒట్టి యాంటీఫ్రీజ్ మైనస్ 13 దగ్గరే గట్టిపడుతుంది. అద్దం కడిగే ద్రవం చలికాలానిది పోసి, పాత ద్రవం గొట్టాల్లో మిగలకుండా నాలుగైదుసార్లు చిమ్మించండి. ట్యాంకులో ఇంధనం సగానికి తగ్గనివ్వవద్దు. డీజిల్ బండి అయితే చలికాలపు రకమే పోయించాలి, వేసవి డీజిల్లో మైనం పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుంది. కరెంటు కారును చార్జరుకు తగిలించి ఉన్నప్పుడే లోపల వేడి చేసుకుంటే ఆ మేరకు బ్యాటరీ మిగులుతుంది.

కదలకముందు పది నిమిషాలు

ముందు సైలెన్సర్ గొట్టం చూడండి. మంచు మేట అడ్డం పడి ఉంటే పారతో తీసేశాకే ఇంజిన్ వేయాలి. లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు. వైపర్ స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. రాత్రి ఆన్‌లో వదిలేసి ఉంటే, ఇగ్నిషన్ వేయగానే అద్దానికి అతుక్కున్న బ్లేడును మోటారు లాగబోయి ఫ్యూజు పోతుంది, లేదా బ్లేడు రబ్బరు చిరుగుతుంది.

మంచు దులపడం పై నుంచి కిందికి. టాపు మీది మంచు వదిలేస్తే, లోపలి వెచ్చదనానికి దాని అడుగు కరుగుతుంది. మొదటి సిగ్నల్ దగ్గర బ్రేకు వేయగానే ఆ దిమ్మంతా ముందద్దం మీదికి జారి కళ్లు మూసేస్తుంది. వైపర్లు దాన్ని మోయలేవు. వేగంగా పోతే వెనక వచ్చేవాడి మీద పడుతుంది, చాలాచోట్ల దీనికి జరిమానా కూడా ఉంది. టాపు తర్వాత అద్దాలు, బానెట్, దీపాలు, నంబర్ ప్లేటు. బానెట్‌కూ ముందద్దానికీ మధ్య జాలీ ఉంటుంది, హీటరుకు గాలి అక్కడి నుంచే వెళ్తుంది. అది మంచుతో మూసుకుపోతే లోపల అద్దాలకు ఆవిరి పట్టి వదలదు. చేత్తో తీసేయండి.

అద్దం మీది ఐసుకు ప్లాస్టిక్ స్క్రేపరే వాడాలి. వేడినీళ్లు పోస్తే అద్దం పగలొచ్చు, పగలకపోయినా ఆ నీళ్లే నిమిషంలో గడ్డకడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు వంతులు, నీళ్లు ఒక వంతు కలిపి చిమ్మితే పలచటి ఐసు వదిలిపోతుంది. చేతి వెడల్పు కిటికీ గీసుకుని బయలుదేరడం మాత్రం పనికిరాదు, నగరంలో ప్రమాదం ఎదుటి నుంచే కాదు, పక్క నుంచి కూడా వస్తుంది.

ఎల్‌ఈడీ హెడ్‌లైట్లున్న కార్లలో ఇంకో సంగతి. పాత బల్బుల వేడికి మీద పడ్డ మంచు కరిగిపోయేది. ఎల్‌ఈడీ అద్దం చల్లగానే ఉంటుంది, తడి మంచు పడుతుంటే దారిలోనే పేరుకుని వెలుతురు మసకబారుతుంది. మధ్యలో ఎక్కడైనా ఆగి తుడవాల్సిందే. ఇంజిన్ వేయగానే తమంతట తామే వెలిగే పగటి దీపాల మీదే నడిపితే చాలా కార్లకు వెనక దీపాలు వెలగవు కాబట్టి మంచు కురుస్తున్నంతసేపూ హెడ్‌లైట్లు చేత్తోనే వేయండి. ముందు బంపరులోని రాడార్, కెమెరాలు మూసుకుపోతే ఆటోమేటిక్ బ్రేకింగ్ మౌనంగా పనిమానేస్తుంది, డ్యాష్‌బోర్డు మీద చిన్న హెచ్చరిక వస్తే వస్తుంది.

బూట్లకంటిన మంచు దులిపి ఎక్కండి. అది మ్యాట్ల మీద కరిగి, ఆవిరై, అద్దాలకు చేరుతుంది. ఆవిరి పడితే వేడిగాలి అద్దం మీదికి పెట్టి, ఏసీ వేసి, బయటి గాలి లోపలికి వచ్చేలా మార్చాలి. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. చాలా కార్లలో సున్నా దగ్గర కంప్రెసర్ తనంతట తానే ఆగిపోతుంది, అప్పుడు పని చేసేది బయటి పొడిగాలే. ఇంజిన్ వెచ్చబడాలని పావుగంట నిలబెట్టాల్సిన పని లేదు. అద్దాలు శుభ్రమయ్యాక మెల్లగా నడుపుతూ పోతే ఇంజిన్ ఇంకా త్వరగా వేడెక్కుతుంది.

రోడ్డు మీద

టైరుకున్న పట్టు నెల జీతం లాంటిది. స్టీరింగుకు ఖర్చు పెడితే బ్రేకుకు మిగిలేది తగ్గుతుంది. పొడి రోడ్డు మీద జీతం పెద్దది కాబట్టి మలుపులోనే బ్రేకు వేసినా సరిపోతుంది. మంచు మీద ఒక్కొక్కటే చేయాలి: తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించడం, కాలు తీసేసి మలుపు తిరగడం, బండి తిన్నగా వచ్చాక మెల్లగా యాక్సిలరేటర్.

కదిలేటప్పుడు చక్రాలు తిన్నగా ఉంచి, గేరు బండి అయితే రెండో గేరులో, క్లచ్ నిదానంగా వదలండి. ఆటోమేటిక్‌లో మంచు మోడ్ ఉంటే వాడండి. వీధి దాటకముందే ఒక పరీక్ష చేయాలి: వెనక ఎవరూ లేనప్పుడు, 15, 20 వేగంలో, బ్రేకు కాస్త గట్టిగా తొక్కి చూడండి. పాదం కింద ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే అమరిక) ఎంత త్వరగా కొట్టుకుంటే రోడ్డు అంత జారుడుగా ఉన్నట్టు.

ముందు కారుతో దూరం పొడి రోడ్డు మీద రెండు సెకన్లయితే ఇప్పుడు ఎనిమిది నుంచి పది. ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు దూరతారు, దూరనివ్వండి, మళ్లీ వెనక్కి తగ్గండి. వేగాన్ని తనంతట తానే నిలిపి ఉంచే క్రూజ్ కంట్రోల్ ఆపేయాలి.

నగరంలో అన్నిటికన్నా జారుడు చోటు కూడలి ముందరి ఇరవై ముప్పై మీటర్లు. ప్రతి బండీ అక్కడే బ్రేకు వేస్తుంది, అక్కడే చక్రాలు గిరగిర తిప్పి కదులుతుంది. ఆగిన ఇంజిన్ల వేడికి పైపొర కరిగి మళ్లీ గడ్డకడుతుంది. రోజంతా ఇది జరిగితే ఆ ముక్క అద్దంలా తయారవుతుంది. అందుకే సిగ్నల్‌కు చాలా ముందు, మంచు ఇంకా గరుకుగా ఉన్నచోటే వేగం దించేసుకోండి. రోడ్డు లేన్‌లో అందరి చక్రాలూ నున్నగా చేసిన రెండు చారలుంటాయి, వాటికి అరడుగు పక్కగా, తొక్కని మంచు మీద బ్రేకు వేస్తే పట్టు మెరుగ్గా దొరుకుతుంది. ఆకుపచ్చ పడగానే కదలొద్దు. అడ్డరోడ్డు వాళ్లకు ఎర్ర లైటు పడినా వాళ్ల బండి ఆగిందో లేదో చూశాకే కదలాలి. ట్రామ్ పట్టాలు, మ్యాన్‌హోల్ మూతలు, జీబ్రా గీతల రంగు కూడా అంతే జారుడు, వాటి మీద స్టీరింగ్ తిప్పవద్దు.

కనబడని పలచటి ఐసును పట్టుకోవడానికి ఒక గుర్తుంది. ముందు కారు చక్రాల నుంచి నీళ్లు చిమ్ముతుంటే రోడ్డు తడి. రోడ్డు తడిగా మెరుస్తూ, చిమ్మడం మాత్రం ఆగిపోతే అది ఐసు. టైర్ల చప్పుడు ఒక్కసారిగా తగ్గడం, స్టీరింగ్ తేలికవడం కూడా అదే చెబుతాయి. ఫ్లైఓవర్లు, వంతెనలు కింద నుంచీ చల్లబడతాయి కాబట్టి ముందు అవే గడ్డకడతాయి. ఎత్తైన భవనాల నీడలో, పగలు కరిగిన నీళ్లు రోడ్డుకు అడ్డంగా పారే చోట తెల్లవారుజామున జాగ్రత్త. డ్యాష్‌బోర్డు చూపించే ఉష్ణోగ్రత గాలిది, రోడ్డుది కాదు. అది 3 డిగ్రీలు చూపిస్తున్నా రోడ్డు సున్నా కింద ఉండొచ్చు. విచిత్రమేమిటంటే మైనస్ 15లో కన్నా సున్నా దగ్గరే ఐసు ఎక్కువ జారుతుంది, పైన సన్నటి నీటి పొర ఉంటుంది కాబట్టి. ఉప్పు చల్లారు కదా అని ధీమా పడొద్దు. మామూలు ఉప్పు మైనస్ 9 దాటితే పెద్దగా కరిగించలేదు.

అత్యవసరంగా ఆగాల్సి వస్తే, ఏబీఎస్ ఉన్న కారులో బ్రేకు పూర్తిగా తొక్కి, బండి ఆగేదాకా వదలకండి. పెడల్ దడదడలాడుతుంది, కరకరమని చప్పుడొస్తుంది. ఏదో విరిగిందనుకుని కాలు తీసేవాళ్లు ఎక్కువ. ఏబీఎస్ వల్ల ఆగే దూరం ప్రతిసారీ తగ్గదు, లోతైన వదులు మంచులో పెరగవచ్చు కూడా. బ్రేకు తొక్కి ఉంచి కూడా స్టీరింగ్ తిప్పుకోగలగడమే దాని ఉపయోగం. ఏబీఎస్ లేని బండిలో చక్రాలు బిగుసుకోగానే వదిలి, మళ్లీ తొక్కుతూ పోవాలి.

జారడం రెండు రకాలు. స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగానే పోతుంటే ముందు చక్రాలు జారుతున్నట్టు. చేయి ఇంకా తిప్పబోతుంది, అది తప్పు. యాక్సిలరేటర్ వదిలి, తిప్పిన స్టీరింగును కాస్త వెనక్కి తెచ్చి, చక్రాలు పట్టుకునేదాకా ఆగండి. వెనక భాగం పక్కకు పోతుంటే బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ వదిలేసి, వెనక భాగం ఎటు పోతుందో అటే స్టీరింగ్ తిప్పండి. చూపు వెళ్లాల్సిన దారి మీదే ఉండాలి. బండి సర్దుకోవడం మొదలవగానే స్టీరింగ్ తిన్నగా చేయాలి, ఆలస్యమైతే రెండో వైపుకు ఇంకా గట్టిగా విసురుతుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు ముందు బండి పైకి చేరేదాకా కింద ఆగి, ఆ తర్వాత ఒకే వేగంతో ఆపకుండా ఎక్కండి. దిగేటప్పుడు వాలు మొదలవకముందే చిన్న గేరులోకి రావాలి. కరెంటు కారులో యాక్సిలరేటర్ వదలగానే బండి తనంతట తానే గట్టిగా పట్టుకునే అమరికను తగ్గించి పెట్టుకోండి. ఆ పట్టు చాలా బండ్లలో ముందు చక్రాలకో వెనక చక్రాలకో మాత్రమే పడి, ఐసు మీద అవి జారొచ్చు. మంచు తీసే బండి ఎదురైతే దాన్ని దాటబోకండి, దాని వెనక శుభ్రమైన రోడ్డే ఉంటుంది.

ఇరుక్కుంటే

చక్రం ఒక్కసారి గిర్రున తిరిగితే అక్కడితో ఆపండి. ఇంకా తిప్పితే వేడికి మంచు కరిగి గుంట ఐసవుతుంది. దిగి, సైలెన్సర్ గొట్టం దగ్గరా, లాగే చక్రాలకు ముందూ వెనకా పారతో తవ్వండి. బండి పొట్ట మంచు మీద ఆనిందేమో వంగి చూడండి, ఆని ఉంటే చక్రాల దగ్గర ఎంత తవ్వినా లాభం లేదు. చక్రాలు తిన్నగా చేసి, వాటి కింద ఇసుక గానీ, ముద్దకట్టని రకం పిల్లి మట్టి (పెంపుడు పిల్లుల మలమూత్రాల పెట్టెలో పోసేది) గానీ చల్లండి. ట్రాక్షన్ కంట్రోల్ ఆపేయండి, లేకపోతే చక్రం కాస్త జారగానే అది ఇంజిన్ శక్తి కోసేస్తుంది. ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం, ఊపు అందుకుంటూ బయటికి రండి. ఆటోమేటిక్‌లో గేరు మార్చే ముందు బండి పూర్తిగా ఆగాలి. ఐదారుసార్లు ప్రయత్నించి గేర్‌బాక్స్‌కు కాస్త విరామమివ్వండి. బయటపడగానే ట్రాక్షన్ కంట్రోల్ మళ్లీ వేయడం మరవొద్దు.

ఇంకో బండితో లాగించాలంటే బంపరు మీది చిన్న మూత తీసి టో హుక్ బిగించాలి. చాలా కార్లలో అది ఎడమ మర, అంటే మామూలుకు వ్యతిరేకంగా తిప్పాలి. చివరిదాకా బిగించకపోతే లాగినప్పుడు ఊడి బుల్లెట్‌లా వస్తుంది. తాడుకు రెండు పక్కలా ఎవరినీ నిలబడనివ్వకండి.

ఇందుకోసం డిక్కీలో చిన్న పార, బ్రష్షు, స్క్రేపర్, ఇసుక సంచి, జంపర్ కేబుళ్లు, లాగే తాడు, టార్చి, చేతి తొడుగులు, దుప్పటి, మెరిసే చొక్కా ఉంటే చాలు.

పార్కింగ్, ఆ తర్వాత

మంచు తీసే రోజుల్లో ఏ పక్క పార్కింగ్ నిషేధమో బోర్డు చదవండి. లేకపోతే బండిని లాక్కుపోతారు, లేదా మంచు తీసే యంత్రం దాని పక్కన గోడ కట్టిపోతుంది. ముక్కు రోడ్డు వైపు ఉండేలా పెడితే పొద్దున బయటికి రావడం తేలిక. తడి మంచులో నడిపి వచ్చాక గట్టి చలిలో హ్యాండ్‌బ్రేక్ వేస్తే కేబుల్ గానీ ప్యాడ్లు గానీ అతుక్కుపోవచ్చు. చదునైన చోట గేరులోనో ‘పార్క్’లోనో వదిలి, చక్రానికి చెక్క అడ్డం పెట్టండి. వాలులో మాత్రం హ్యాండ్‌బ్రేక్ వేయక తప్పదు. తలుపు రబ్బర్లకు సిలికాన్ రాసి ఉంచితే అతుక్కోవు.

60 దాటగానే స్టీరింగ్ వణుకుతుంటే అలైన్‌మెంట్ అనుకుని గ్యారేజీకి పరుగెత్తకండి. చక్రం లోపలి వైపు మంచు ముద్ద గడ్డకట్టి బరువు తేడా వచ్చి ఉంటుంది. దాన్ని గీకేస్తే వణుకు పోతుంది. మడ్‌గార్డుల లోపల పేరుకున్న ఐసునూ బూటుతో తన్ని రాల్చండి, అది పెరిగితే స్టీరింగ్ పూర్తిగా తిరగదు.

ఉప్పు రోడ్ల మీద తిరిగే బండి అడుగు భాగాన్ని రెండు వారాలకోసారి, ఉష్ణోగ్రత సున్నా పైన ఉన్న రోజు చూసి కడిగించండి. కడిగాక తలుపుల అంచులు తుడిచి, బ్రేకులు రెండు మూడుసార్లు తొక్కి ఆరబెట్టాలి. పగటి వేళ 7 డిగ్రీలు నిలకడగా దాటుతుంటే చలికాలపు టైర్లు తీసేయొచ్చు, వెచ్చటి రోడ్డు మీద ఆ మెత్తటి రబ్బరు త్వరగా అరుగుతుంది. కడిగి, ఆరబెట్టి, ఎండ పడని చోట దాచండి. ఏ చక్రం ఎక్కడిదో చాక్‌పీసుతో రాసిపెడితే వచ్చే చలికాలం ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చి బిగించుకోవచ్చు.